పాఠకుల ప్రశ్నలు, జవాబులు: హెలికాప్టర్ లైసెన్సు ఏది తీసుకోవాలి, ఎలా నిలుపుకోవాలి?

హెలికాప్టర్ నడపడం నేర్చుకోవాలనుకునేవారి నుంచి, నేర్చుకుని మధ్యలో మానేసినవారి నుంచి ఈమధ్య మా శీర్షికకు వరుసగా ఉత్తరాలు వచ్చాయి. అన్నీ ఒడిశా సరిహద్దు జిల్లాలలోని తెలుగు కుటుంబాలు రాసినవే. చాలాకాలం హెలికాప్టర్ శిక్షకుడిగా పనిచేసిన అనుభవంతో వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. దాదాపు అందరూ లైసెన్సు ఎలా వస్తుందని అడిగారు. వచ్చిన తరువాత అది ఎలా నిలుస్తుందని అడిగినవారు ఒక్కరే. నా దృష్టిలో ఆ రెండో ప్రశ్నకు జవాబు తేల్చుకున్నాకే మొదటిదాని జోలికి వెళ్లాలి.

ప్రశ్న: అయ్యా, మా పెద్దబ్బాయి అమెరికాలో టెక్సస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. మా తమ్ముడి కొడుకు జర్మనీలో ఉన్నాడు. ఇద్దరికీ హెలికాప్టర్ నేర్చుకోవాలని గట్టి కోరిక. మావాడు అక్కడి ప్రైవేటు పైలట్ లైసెన్సు తీసుకుంటానంటున్నాడు. తమ్ముడి కొడుకు మాత్రం యూరప్‌లో ఎల్.ఎ.పి.ఎల్. అనే తేలికపాటి లైసెన్సు ఉందనీ, అది తొందరగా, తక్కువ ఖర్చుతో వస్తుందనీ అంటున్నాడు. ఇద్దరూ కొన్నేళ్ల తరువాత ఇటే వచ్చి స్థిరపడాలనుకునేవాళ్లు. ఏది తీసుకుంటే మన దగ్గర పనికొస్తుంది? (ఒక తండ్రి, జయపురం, కొరాపుట్ జిల్లా)

జవాబు: ముందు ఒక మూలసూత్రం చెప్పాలి. ఏ దేశపు లైసెన్సు ఉండాలన్నది పైలట్ పౌరసత్వాన్ని బట్టి గాని, అతను నేర్చుకున్న చోటును బట్టి గాని తేలదు. హెలికాప్టర్ ఏ దేశంలో నమోదైందో ఆ దేశం ఇచ్చిన లైసెన్సు గాని, ఆ దేశం చెల్లుతుందని ఒప్పుకున్న లైసెన్సు గాని ఉండాలి. 1944లో షికాగోలో కుదిరిన అంతర్జాతీయ పౌర విమానయాన ఒడంబడిక 32వ అధికరణం చెప్పేది ఇదే. మీ జయపురంలో దిగే హెలికాప్టర్ మీద వి.టి. అన్న అక్షరాలు ఉంటే అది మన దేశపు నమోదు. దాన్ని నడపాలంటే మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డి.జి.సి.ఎ. ఇచ్చే లైసెన్సు కావాలి. కాబట్టి మీ అబ్బాయి అమెరికా లైసెన్సుతో నేరుగా ఇక్కడ ఎగరలేడు. కానీ ఆ లైసెన్సు అంతర్జాతీయ ప్రమాణాలకు సరిపోయినది కనుక, దాన్ని ఆధారం చేసుకుని ఇక్కడి లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. మన వాయు నియమాల పరీక్ష రాయాలి, మన వైద్య పరీక్షలో నెగ్గాలి, నడిపి చూపించాలి, రేడియోలో మాట్లాడే లైసెన్సు విడిగా తెచ్చుకోవాలి.

తమ్ముడి కొడుకు చెప్పిన ఎల్.ఎ.పి.ఎల్. సంగతి వేరు. అది యూరప్ దేశాలు తమలో తాము వాడుకోవడానికి, అంతర్జాతీయ ప్రమాణం కంటే ఒక మెట్టు తక్కువగా ఏర్పాటు చేసుకున్న లైసెన్సు. దానితో 2,000 కిలోలు మించని, ఒకే ఇంజన్ ఉన్న హెలికాప్టర్‌ను, పైలట్‌తో కలిపి నలుగురికి మించకుండా నడపవచ్చు. అక్కడే ఉండిపోయే మనిషికి అది మంచి లైసెన్సే. ఇక్కడికి వచ్చేవాడికి మాత్రం అది పునాది కాదు.

ఇక ఖర్చు సంగతి చూద్దాం. ఎల్.ఎ.పి.ఎల్.కు కనీసం 40 గంటల శిక్షణ కావాలి. అందులో 20 గంటలు శిక్షకుడితో, 10 గంటలు ఒంటరిగా. యూరప్‌లో పూర్తి ప్రైవేటు లైసెన్సుకు 45 గంటలు. అందులో 25 గంటలు శిక్షకుడితో, 10 గంటలు ఒంటరిగా, ఆ ఒంటరి గంటలలో కనీసం 185 కిలోమీటర్ల ప్రయాణం ఒకటి చేసి దారిలో రెండు వేరు వేరు మైదానాలలో దిగాలి. కాగితం మీద తేడా అయిదు గంటలే. కనీస గంటలతోనే పరీక్షకు సిద్ధమైనవారు నాకు చాలా తక్కువమంది తెలుసు. తక్కినవారికి ఈ తేడా శిక్షణలోనే కలిసిపోతుంది. ఎల్.ఎ.పి.ఎల్. తీసుకుని తరువాత పూర్తి లైసెన్సుకు మారే దారి కూడా ఉంది గాని, దానికి మళ్లీ కనీసం అయిదు గంటలు శిక్షకుడితో ఎగిరి, ఆ 185 కిలోమీటర్ల ఒంటరి ప్రయాణం చేసి, మరోసారి పరీక్షకు కూర్చోవాలి. అందువల్ల జర్మనీలో ఉన్న అబ్బాయి మొదటి నుంచే పూర్తి ప్రైవేటు లైసెన్సుకు చేరాలని నేను గట్టిగా చెబుతాను.

అమెరికాలో కనీసం 40 గంటలు. అందులో 20 శిక్షకుడితో, 10 ఒంటరిగా. రాత్రి పూట మూడు గంటల శిక్షణ కూడా ఉంటుంది. విదేశీయుడు కనుక మొదటి పాఠానికి ముందే అక్కడి రవాణా భద్రతా సంస్థ అనుమతి తీసుకోవాలి. ఇంతవరకు రెండు పద్ధతులూ దగ్గరగానే కనిపిస్తాయి. అసలు తేడా లైసెన్సు చేతికి వచ్చాక మొదలవుతుంది. యూరప్‌లో హెలికాప్టర్ ప్రతి రకానికీ విడిగా టైప్ రేటింగ్, అంటే ఆ రకాన్ని నడపవచ్చన్న అనుమతి, ఉండాలి, అది ఏడాదికే చెల్లుతుంది. గడువు ముగిసే ముందు మూడు నెలలలో పరీక్షకుడితో ఎగిరి చూపించాలి, ఆ ఏడాదిలో ఆ రకం మీద కనీసం రెండు గంటలు ఎగిరి ఉండాలి. అమెరికాలో చిన్న హెలికాప్టర్లకు టైప్ రేటింగ్ లేదు, లైసెన్సుకు గడువే లేదు. 24 నెలలకు ఒకసారి శిక్షకుడితో సమీక్ష చేయించుకుంటే చాలు. మీ అబ్బాయికి ఇది సులువుగా కనిపిస్తుంది. అయితే మన దగ్గర కూడా రకం పేరు లైసెన్సులో ఎక్కించాలి. అక్కడ ఏ రకం మీద గంటలు పోగుచేశాడో అవే ఇక్కడ లెక్కకు వస్తాయి కనుక, ఇంటికి వచ్చాక ఏ హెలికాప్టర్ దొరుకుతుందో చూసుకుని, అదే రకం మీద నేర్చుకోవడం తెలివైన పని. ఇద్దరికీ చెప్పవలసిన మాట ఇంకొకటి ఉంది. దరఖాస్తు చేసేనాటికి విదేశీ లైసెన్సు చెల్లుబాటులో ఉండాలి, దాన్ని ఇచ్చిన సంస్థ నుంచి అది నిజమైనదని ధ్రువీకరణ కూడా రావాలి. పెట్టెలో పెట్టి నాలుగేళ్ల తరువాత తీసే కాగితం కాదది.

ప్రశ్న: నాకు అమెరికా ప్రైవేటు హెలికాప్టర్ లైసెన్సు ఉంది. 2021 చివర ఇంటికి వచ్చేశాను. ఆనాటి నుంచి ఒక్కసారి కూడా ఎగరలేదు. దానికి గడువు లేదు కాబట్టి, అక్కడికి వెళ్లినప్పుడు ఆర్44 హెలికాప్టర్ అద్దెకు తీసుకుని మా బావగారి కుటుంబాన్ని ఎక్కించుకోవచ్చు కదా? (ఒక పాఠకుడు, రాయగడ)

జవాబు: ఎక్కించుకోకూడదు. లైసెన్సుకు గడువు లేదన్నమాట నిజమే. దాన్ని వాడే హక్కుకు మాత్రం గడువు ఉంది, అది మీకు ఎప్పుడో దాటిపోయింది.

మూడు విషయాలు విడివిడిగా చూసుకోవాలి. ఒకటి, 24 నెలలకోసారి జరిగే సమీక్ష. అందులో కనీసం ఒక గంట నేల మీద పాఠం, ఒక గంట గాలిలో. రెండు, ప్రయాణికులను ఎక్కించుకోవాలంటే అంతకుముందు 90 రోజులలో మూడుసార్లు లేచి మూడుసార్లు దిగి ఉండాలి; రాత్రి పూట అయితే ఆ మూడూ రాత్రివే అయి ఉండాలి. మూడు, వైద్య ధ్రువపత్రం. అక్కడ మూడో తరగతి ధ్రువపత్రం నలభై ఏళ్లలోపు వారికి 60 నెలలు, ఆ పైవారికి 24 నెలలు చెల్లుతుంది. మీరు రాబిన్సన్ ఆర్44 అన్నారు కనుక నాలుగోది కూడా ఉంది. ఆర్22, ఆర్44 రకాలకు అమెరికా ప్రభుత్వం 1995లో ప్రత్యేక నియమం తెచ్చింది. హెలికాప్టర్ల మీద 200 గంటలు, అందులో 50 గంటలు ఆ రకం మీద లేనివారు కనీసం పది గంటలు శిక్షకుడితో ఎగిరి అతని సంతకం తీసుకోవాలి. ఆ తరువాత సమీక్ష 24 నెలలకు కాదు, 12 నెలలకోసారి, ఆ రకం మీదే జరగాలి. ఈ హెలికాప్టర్ల రోటార్, అంటే పైన తిరిగే రెక్కలు, తేలిక. ఇంజన్ ఆగిపోతే దాని వేగం చాలా త్వరగా పడిపోతుంది, పైలట్‌కు ఆలోచించుకునే వ్యవధి ఉండదు. అందుకే ఆ నియమం.

ఆ వ్యవధి ఎంత తక్కువో నా అనుభవంతో చెబుతాను. ఒకసారి అనారోగ్యం వల్ల అయిదు నెలలు ఎగరలేదు. అప్పటికి నాకు వెయ్యి గంటలకు పైగా అనుభవం. తిరిగి ఆర్44లో కూర్చున్న ఉదయం పక్కన మరో శిక్షకుడు ఉన్నారు. కలెక్టివ్, అంటే హెలికాప్టర్‌ను పైకి లేపే, దించే ఎడమ చేతి మీట, ఎత్తగానే ముక్కు కుడికి తిరిగింది. ఎడమ పెడల్ వేయాలని నాకు తెలుసు, వేశాను కూడా; కానీ ముక్కు తిరిగాక వేశాను, తిరగకముందు వేయవలసినది. సైక్లిక్, అంటే ముందుకు వెనక్కి పక్కలకు వంచే కర్ర, పట్టుకున్న కుడి చేయి బిగుసుకుపోయి ఉంది. పావుగంటలో హోవర్, అంటే గాలిలో ఒకేచోట నిలబడడం, కుదిరింది, నాకు ధైర్యం వచ్చింది. పైకి వెళ్లాక ఆయన చెప్పకుండా థ్రాటిల్ మూసి ఇంజన్ శక్తి తీసేశారు. ముక్కు ఎడమకు జారింది. నా ఎడమ చేయి కలెక్టివ్‌ను పూర్తిగా దించేలోపే, రోటార్ వేగం 97 శాతం కంటే పడిపోతే మోగే హారన్ చెవిలో మోగింది. ఆయన చేయి నా చేతి మీద పడి దాన్ని కిందికి నొక్కింది. ఏం చేయాలో నేను మరిచిపోలేదు. అడిగితే వరుసగా చెప్పగలను, అంతకుముందు వారమే ఒక విద్యార్థికి రాసి ఇచ్చాను కూడా. చేతికి మాత్రం ఆ వేగం పోయింది. అయిదు నెలలకే నాకు అలా అయింది. మీది ఏళ్ల విరామం.

కాబట్టి మీరు చేయవలసిన క్రమం ఇది. వెళ్లే ముందే వైద్య ధ్రువపత్రం తాజా చేసుకోండి. వెళ్లాక ఒక్క గంట సమీక్షతో సరిపెట్టే శిక్షకుణ్ని వెతక్కుండా, వరుసగా నాలుగైదు రోజులు, రోజుకు గంటన్నర చొప్పున ఎగరడానికి డబ్బు పక్కన పెట్టుకోండి. మొదటి రెండు రోజులు హోవర్, నెమ్మదిగా లేవడం, దిగడం. తరువాత ఆటోరొటేషన్లు, అంటే ఇంజన్ శక్తి లేకుండా దిగడం, మీ చేయి హారన్ కంటే ముందు కదిలేదాకా. బావగారి కుటుంబాన్ని ఆ తరువాత ఎక్కించండి, మొదట ఒక్కరినే. ఇక్కడి లైసెన్సుకు మారే ఆలోచన ఉంటే, ఆ సమీక్ష పూర్తయి లైసెన్సు చెల్లుబాటులో ఉన్న ఆ నెలల్లోనే దరఖాస్తు పెట్టండి. ఏటా అలా వెళ్లి రావడం కుదరదని మీ లెక్కలో తేలితే, ప్రయాణికులను ఎక్కించుకునే ఆలోచన వదిలి, వెళ్లినప్పుడల్లా శిక్షకుణ్ని పక్కన పెట్టుకునే ఎగరండి. ఆకాశం అలా కూడా అందుతుంది, అందులో తక్కువతనం ఏమీ లేదు.

ప్రశ్న: నా వయసు 52. జీడిపప్పు వ్యాపారం. బరంపురం నుంచి రాయగడకు వారానికి రెండుసార్లు కారులో వెళ్లి వస్తాను, రోజంతా దానికే పోతుంది. సొంతంగా హెలికాప్టర్ నేర్చుకుని కొనుక్కుందామనుకుంటున్నాను. ఈ వయసులో లైసెన్సు ఇస్తారా? ప్రైవేటు లైసెన్సు చాలా, కమర్షియల్ తీసుకోవాలా? (ఒక వ్యాపారి, బరంపురం, గంజాం జిల్లా)

జవాబు: ఇస్తారు. కనీస వయసు 17 ఏళ్లు, పదో తరగతి చదివి ఉండాలి. గరిష్ఠ వయసు అడ్డు కాదు. అడ్డు వచ్చేది ఆరోగ్యం. మీరు శిక్షణ సంస్థకు ఒక్క రూపాయి కట్టకముందే డి.జి.సి.ఎ. గుర్తించిన వైద్యుడి దగ్గర రెండో తరగతి వైద్య పరీక్ష చేయించుకోండి. రక్తపోటుకు గాని, చక్కెరకు గాని మందులు వాడుతుంటే దాచకండి. మందు పేరు, మోతాదు, ఎప్పటి నుంచి వాడుతున్నారో రాసిన కాగితాలు వెంట తీసుకువెళ్తే చాలా సందర్భాలలో దారి దొరుకుతుంది. దాచిన సంగతి తరువాత బయటపడితే లైసెన్సుతో పాటు బీమా కూడా పోతుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ప్రైవేటు పైలట్ వైద్య పరీక్ష 60 నెలలకోసారి, నలభై దాటితే 24 నెలలకోసారి. యాభై దాటినవారికి ఏడాదికోసారి చేయించడం మంచిదని అదే ప్రమాణం సూచిస్తుంది. మీరు ఏడాదికోసారి లెక్కనే వేసుకోండి.

మీ సొంత పనికి ప్రైవేటు లైసెన్సు సరిపోతుంది. కమర్షియల్‌కు అంతర్జాతీయ ప్రమాణం 150 గంటలు, గుర్తింపు పొందిన కోర్సులో అయితే 100. జీతానికి నడపనివారు ఆ భారం మోయనక్కరలేదు. మన దేశంలో హెలికాప్టర్ శిక్షణ దొరికే చోట్లు తక్కువ, బెంగళూరులో హెచ్.ఎ.ఎల్. నడిపే రోటరీ వింగ్ అకాడమీ వాటిలో పేరున్నది. చేరే ముందు రెండు మూడు చోట్లకు స్వయంగా వెళ్లి, ఎన్ని హెలికాప్టర్లు నిజంగా ఎగురుతున్నాయో, శిక్షకులు ఎందరున్నారో కళ్లారా చూసి రండి. హెలికాప్టర్ షెడ్డులో ఉంటే విద్యార్థి గంటలు కూడా అక్కడే ఆగిపోతాయి.

ఇక మీ దారి గురించి. బరంపురం నుంచి రాయగడ గాలిలో దాదాపు 145 కిలోమీటర్లు, ఆర్44కు ముప్పావు గంట. దారికి దక్షిణాన 1,501 మీటర్ల మహేంద్రగిరి. మధ్యలో కొండలు, లోయలు, చదునుగా దిగడానికి చోటు తక్కువ. చైత్ర వైశాఖాలలో మధ్యాహ్నం దాటాక ఈ కొండల మీద ఉరుముల మబ్బు గంటలో కమ్ముకొస్తుంది. వేడి సంగతి అంతకంటే ముఖ్యం. కొరాపుట్ పట్టణం సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ 35 డిగ్రీల ఎండ కాస్తే గాలి పలుచబడి, హెలికాప్టర్ దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఎగురుతున్నట్టే ప్రవర్తిస్తుంది. పొద్దున ఆరు గంటలకు బరంపురంలో నలుగురితో హాయిగా లేచిన హెలికాప్టరే మధ్యాహ్నం రెండు గంటలకు కొండ మీద ఇద్దరితో కూడా హోవర్‌లో నిలబడలేకపోవచ్చు. సముద్రమట్టం దగ్గరి మైదానంలో నేర్చుకున్నవారికి ఇది చేతికి తెలియదు. లైసెన్సు వచ్చాక కొండ ప్రాంతంలో అనుభవమున్న శిక్షకుడితో కనీసం పది గంటలు ఈ దారిలోనే ఎగరకుండా ఒంటరిగా బయలుదేరకండి.

కంటిచూపుతో ఎగిరే ప్రైవేటు పైలట్‌కు మన దేశంలో సూర్యాస్తమయం తరువాత 20 నిమిషాల నుంచి సూర్యోదయానికి 20 నిమిషాల ముందు వరకు ఎగరడానికి వీలులేదు. ప్రతి ప్రయాణానికీ ముందుగా ఫ్లైట్ ప్లాన్ ఇచ్చి, వాయు రక్షణ అనుమతి నంబరు తీసుకోవాలి. రాయగడలో బేరం కుదిరేసరికి అయిదున్నర అయితే ఆ రాత్రి అక్కడే ఉండిపోవలసి వస్తుందని ఇంట్లో ముందే చెప్పి పెట్టుకోండి. కార్తీకంలో, మార్గశిరంలో పొద్దు తొందరగా కుంకుతుంది. వారానికి రెండుసార్లు ఎగిరేవారు గనుక చేయి తప్పే భయం మీకు తక్కువ. వానాకాలంలో నెలన్నర ఆగిపోతే మాత్రం, మళ్లీ మొదలుపెట్టిన రోజున శిక్షకుణ్ని పక్కన కూర్చోబెట్టుకోండి.

ప్రశ్న: మా స్నేహితుడికి ప్రైవేటు లైసెన్సు, సొంత హెలికాప్టర్ ఉన్నాయి. మా చెల్లెలి పెళ్లికి పెళ్లికొడుకును అందులో తీసుకొచ్చి, మండపం మీద పూలవాన కురిపించాలనుకుంటున్నాం. అతనికి కొంత సొమ్ము ఇస్తాం. (ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా)

జవాబు: ప్రైవేటు లైసెన్సుతో సొమ్ము తీసుకుని ఎవరినీ ఎక్కించుకోకూడదు. అద్దెకు తిప్పాలంటే నడిపే సంస్థకు ఆపరేటర్ పర్మిట్, నడిపేవారికి కమర్షియల్ లైసెన్సు ఉండాలి. ఎగిరే హెలికాప్టర్ నుంచి అనుమతి లేకుండా ఏదీ కిందికి వేయకూడదు, పూలకు కూడా ఆ నియమం వర్తిస్తుంది. జనం గుమిగూడిన మండపం మీద తక్కువ ఎత్తున హోవర్ చేయడం అన్నింటికంటే ప్రమాదం. షామియానా గుడ్డ లేచి రోటార్‌కు చుట్టుకుంటే పైనున్నవారికీ కిందనున్నవారికీ దిక్కుండదు. పర్మిట్ ఉన్న సంస్థను పిలిచి, జిల్లా యంత్రాంగం అనుమతితో ఊరి బయట మైదానంలో దింపించండి. అక్కడి నుంచి మేళతాళాలతో ఊరేగించుకు రావచ్చు.

ప్రశ్న: నాకు విమానం నడిపే ప్రైవేటు లైసెన్సు ఉంది, 180 గంటలు ఎగిరాను. హెలికాప్టర్‌కు మారితే ఆ గంటలు కలిసొస్తాయా? (ఒక పాఠకురాలు, గుణుపురం, రాయగడ జిల్లా)

జవాబు: కొంతవరకే కలిసొస్తాయి. యూరప్ పద్ధతిలో మీరు కమాండ్‌లో, అంటే విమానం బాధ్యత మీదే అయి, ఎగిరిన గంటలలో పదో వంతు, అది కూడా ఆరు గంటలకు మించకుండా కలుపుతారు. అమెరికాలో మొత్తం గంటల లెక్కకు మీ విమానపు గంటలు పనికొస్తాయి గాని, హెలికాప్టర్‌లోనే 20 గంటలు శిక్షకుడితో, 10 గంటలు ఒంటరిగా ఎగరడం తప్పదు. వాతావరణం, దారి లెక్క, రేడియో మాటలు మీకు వచ్చు కనుక నేల మీది చదువు తేలికవుతుంది.

మీరు ప్రత్యేకంగా జాగ్రత్తపడవలసినది ఒకటి ఉంది. విమానం వేగం కోల్పోతే ముక్కు చటుక్కున కిందికి నెట్టమని మీకు నేర్పారు, ఎదురుగా పక్షి వచ్చినా మీ చేయి అదే పని చేస్తుంది. రెండు రెక్కల రోటార్ ఉన్న రాబిన్సన్ వంటి హెలికాప్టర్‌లో సైక్లిక్‌ను అలా ముందుకు నెడితే లోపలివారు తేలిపోతున్నట్టు అవుతుంది, రోటార్ మీద బరువు పోతుంది, హెలికాప్టర్ కుడివైపుకు దొర్లడం మొదలవుతుంది. అప్పుడు అలవాటుగా ఎడమకు లాగితే రోటార్ మొదలు నిలువు ఇరుసును కొట్టి విరగ్గొడుతుంది. ముందుగా సైక్లిక్‌ను మెల్లగా వెనక్కి తెచ్చి రోటార్ మీదికి బరువు రానివ్వాలి, దొర్లడాన్ని ఆ తరువాతే సరిచేయాలి. దీన్ని గాలిలో చేసి చూపడం నిషేధం కాబట్టి నేల మీదే నేర్పుతారు. మొదటి పాఠం రోజునే మీకు విమానపు గంటలు ఉన్నాయని శిక్షకుడికి చెప్పి, ఈ పాఠాన్ని తెల్లబోర్డు మీద గీసి చూపమనండి. తరువాత ఆపి ఉన్న హెలికాప్టర్‌లో కూర్చుని, కళ్లు మూసుకుని, ఆ వెనక్కి తెచ్చే కదలికను చేతితో పదే పదే చేయండి. విమానం నుంచి వచ్చిన నా విద్యార్థులలో ఎక్కువమందికి పాత అలవాటు వదలడానికి అయిదారు గంటలు పట్టింది.